ఇంట్లోని లైనక్స్ కంప్యూటరును దూరం నుంచి తెరవడం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్ని ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. ఆజ్ఞలను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం వాటిని చిన్న ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఉబుంటు 24.04 ఉన్న కంప్యూటరు ఉంది. పగలు గాజువాకలో ఒక ఆడిటర్ గారి దగ్గర పని చేస్తాను; అక్కడ నా దగ్గర నా సొంత విండోస్ ల్యాప్‌టాప్ ఉంటుంది. ఇంటి కంప్యూటరును అక్కడి నుంచి తెరుచుకోవాలని ఎక్స్‌ఆర్‌డీపీ అనే ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేశాను. ఇంట్లోనే పక్కగదిలో నుంచి ప్రయత్నిస్తే పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆ తరువాత నల్లని తెర తప్ప ఏమీ రాదు. ఆఫీసు నుంచైతే అసలు కలవదు. ఒక మిత్రుడు చెబితే రౌటరులో 3389 పోర్టు కూడా తెరిచాను, ఫలితం లేదు. దయచేసి దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అన్నిటికంటే ముందు రౌటరులో తెరిచిన ఆ పోర్టును మూసివేయండి. మిగతా జవాబును ఆ పని చేసిన తరువాతే చదవమని కోరుతున్నాం. పోర్టు అంటే బయటి నుంచి వచ్చే పిలుపు ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే సంఖ్య. 3389 అనేది దూరపు కంప్యూటరు తెరను చూసి వాడుకోవడానికి మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఆర్‌డీపీ పద్ధతికి లోకమంతటికీ తెలిసిన సంఖ్య. ఇంటర్నెట్‌లోని చిరునామాలను ఒక్కొక్కటిగా తడుతూ, ఆ పోర్టు తెరిచి ఉన్నచోటల్లా పాస్‌వర్డులు ప్రయత్నించే ప్రోగ్రాములు పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. పాస్‌వర్డు గట్టిదైతే చాలదా అనుకోవచ్చు. 2019లో బయటపడిన బ్లూకీప్ అనే లోపం పాత విండోస్ కంప్యూటర్లలో పాస్‌వర్డుతో పని లేకుండానే లోపలికి దారి ఇచ్చింది. అది లైనక్స్‌కు సంబంధించినది కాదు. అయినా లాగిన్ అడిగే ప్రోగ్రాములోనే లోపం ఉంటే పాస్‌వర్డు బలం ఎందుకూ కొరగాదని దాని వల్ల తేటతెల్లమైంది. పోర్టు తెరిచినా మీకు కలవకపోవడానికి వేరే కారణం ఉంది, దానిని కింద వివరిస్తాం.

ఇక నల్లని తెర సంగతి. మీరు ఇంట్లో మీ పేరుతో లాగిన్ అయి, కంప్యూటరును అలాగే వదిలి, పక్కగది నుంచి అదే పేరుతో మళ్లీ లాగిన్ అయి ఉంటారు. ఎక్స్‌ఆర్‌డీపీ మీ ముందున్న తెరను చూపించదు; మీ కోసం కొత్తగా మరొక డెస్క్‌టాప్‌ను తయారు చేస్తుంది. ఉబుంటులోని గ్నోమ్ డెస్క్‌టాప్ ఒకే వ్యక్తి పేరుతో ఒకేసారి రెండు చోట్ల సరిగా నడవదు కనుక, రెండవది సగంలో ఆగిపోయి నల్లని తెరగా మిగులుతుంది. ఇంట్లోని కంప్యూటరులో లాగ్ అవుట్ చేసి ప్రయత్నిస్తే చాలావరకు ఈ చిక్కు విడిపోతుంది.

అయితే మీ ఉబుంటులో ఎక్స్‌ఆర్‌డీపీ అవసరమే లేదన్నది మా అభిప్రాయం. 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46లో రిమోట్ లాగిన్ సదుపాయాన్ని డెస్క్‌టాప్‌లోనే చేర్చారు, ఉబుంటు 24.04లో ఉన్నది ఆ గ్నోమే. రెండూ 3389 పోర్టునే కోరతాయి కాబట్టి రెండిటినీ నడిపితే ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. కనుక మొదట సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ ఎక్స్‌ఆర్‌డీపీ అనే ఆజ్ఞతో ఎక్స్‌ఆర్‌డీపీని ఆపండి. తరువాత సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే విభాగానికి వెళ్లి రిమోట్ డెస్క్‌టాప్‌ను తెరవండి. అక్కడ రెండు భాగాలు కనిపిస్తాయి. డెస్క్‌టాప్ షేరింగ్ అనేది ఇప్పటికే తెరిచి ఉన్న తెరను దూరంలోని వారికి చూపిస్తుంది. దానికి ఇంట్లో ఎవరో ఒకరు లాగిన్ అయి ఉండాలి, తెర లాక్ కాకూడదు. రిమోట్ లాగిన్ అనేది ఇంట్లో ఎవరూ లేకపోయినా, మానిటర్ తగిలించకపోయినా, మీకు లాగిన్ తెరను దూరం నుంచే అందిస్తుంది. మీకు కావలసింది రెండవది.

రిమోట్ లాగిన్‌ను ఆన్ చేసినప్పుడు అది ఒక యూజర్ పేరు, ఒక పాస్‌వర్డు పెట్టుకోమంటుంది. ఇవి మీ రోజువారీ లాగిన్‌కు చెందినవి కావు, దూరం నుంచి వచ్చే కనెక్షన్‌కు మాత్రమే చెందినవి. ఈ తేడా తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు: విండోస్ మొదట అడిగినప్పుడు ఈ కొత్త పేరునూ పాస్‌వర్డునూ ఇవ్వాలి, అప్పుడు ఉబుంటు లాగిన్ తెర వస్తుంది, అక్కడ మీ మామూలు పాస్‌వర్డును ఇవ్వాలి. రెండూ వేర్వేరుగా ఉండడమే మంచిది. మీరు బయలుదేరే ముందు ఇంట్లో లాగ్ అవుట్ చేయడం మరచిపోకండి. మీ పేరుతో అక్కడ సెషన్ నడుస్తూ ఉంటే రిమోట్ లాగిన్ కూడా ఒప్పుకోదు.

విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ ప్రోగ్రాము మొదటి పాస్‌వర్డు తీసుకున్న వెంటనే తెగిపోతే, కనెక్షన్‌ను ఒక ఫైలుగా సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో "యూజ్ రీడైరెక్షన్ సర్వర్ నేమ్" అనే వరుస చివర 0 ఉంటే దానిని 1గా మార్చండి. ఆ వరుసే లేకపోతే, ఆ మాటల తరువాత కోలన్, ఐ అక్షరం, మళ్లీ కోలన్, 1 అని ఖాళీ లేకుండా చేర్చండి. గ్నోమ్ లాగిన్ తెర నుంచి మీ డెస్క్‌టాప్‌కు మారేటప్పుడు కనెక్షన్‌ను ఒక ప్రోగ్రాము నుంచి మరొక దానికి అప్పగిస్తుంది, ఆ అప్పగింతను విండోస్ గుర్తించడానికి ఈ వరుస కావాలి.

ఇక్కడిదాకా ఇంట్లోనే, అదే వైఫై మీద పూర్తి చేసి, బాగా పని చేస్తోందని నిర్ధారించుకోండి. లోపల పని చేయనిది బయటి నుంచి పని చేయదు. రెండు సమస్యలను ఒకేసారి వెతికితే ఏది ఎక్కడ ఉందో తేలదు.

ఆఫీసు నుంచి కలవకపోవడానికి కారణం బహుశా మీ కంప్యూటరులో లేదు. ప్రపంచంలో పాతతరం ఇంటర్నెట్ చిరునామాలు చాలకపోవడంతో, ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి చిరునామాను వాడుతున్నాయి. అప్పుడు మీ రౌటరుకు దక్కేది సంస్థ లోపలి చిరునామా మాత్రమే, బయటి నుంచి వచ్చిన పిలుపు ఏ ఇంటిదో తెలియక సంస్థ పరికరాల దగ్గరే ఆగిపోతుంది. రౌటరు పేజీలో వ్యాన్ చిరునామా (రౌటరుకు బయటివైపు ఉన్న చిరునామా) అని ఉన్నచోట చూడండి. అది 100.64తో మొదలుకొని 100.127 వరకు ఉన్న వరుసలోనిదైతే సందేహం అక్కరలేదు. 2012లో ఆ వరుసను ఈ అవసరానికే కేటాయించారు. అలాంటి కనెక్షన్‌లో మీరు రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం ఉండదు.

దీనికి మేము సూచించే దారి ప్రైవేటు నెట్‌వర్క్, అంటే మీ యంత్రాలను మాత్రమే గుప్తంగా కలిపే ఏర్పాటు. లైనక్స్‌కు మూలభాగమైన కెర్నల్‌లో 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి ఇలా కలిపే వైర్‌గార్డ్ అనే పద్ధతి భాగమైంది. దాని మీద నిర్మించిన టెయిల్‌స్కేల్ అనే సేవను వ్యక్తిగతంగా ఉచితంగా వాడుకోవచ్చు. ఉబుంటులోనూ విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ దానిని ఇన్‌స్టాల్ చేసి, రెండిటిలోనూ ఒకే ఖాతాతో ప్రవేశిస్తే, ఒక్కొక్క యంత్రానికి 100తో మొదలయ్యే సొంత చిరునామా వస్తుంది. విండోస్‌లోని రిమోట్ డెస్క్‌టాప్‌కు ఇంటి కంప్యూటరు పొందిన ఆ చిరునామాను ఇవ్వండి. రెండు యంత్రాలూ బయటికే పిలుస్తాయి కనుక రౌటరులో ఏ పోర్టూ తెరవనక్కరలేదు. నేరుగా దారి దొరకకపోతే అది తన మధ్యవర్తి సర్వర్ల మీదుగా వెళుతుంది. అప్పుడు వేగం తగ్గుతుంది గాని, సమాచారం గుప్తంగానే ఉంటుంది. టెయిల్‌స్కేల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు మీ ఇంటి తాళం ఆ ఖాతాయే.

చివరగా ఫైర్‌వాల్, అంటే ఏ కనెక్షన్‌ను లోపలికి రానివ్వాలో తేల్చే కాపలా ప్రోగ్రాము. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉంటుంది కాని మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది. ముందు సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఇన్ ఆన్ టెయిల్‌స్కేల్0 టు ఎనీ పోర్ట్ 3389 ప్రోటో టీసీపీ అని అనుమతి ఇచ్చి, ఆ తరువాతే సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ అని ఆన్ చేయండి. ఇంటి వైఫై మీద కూడా కావాలనుకుంటే ఇంటి వైఫై చిరునామాల వరుసకు వేరే అనుమతి ఇవ్వాలి. ఈ పనిని కంప్యూటరు ముందు కూర్చుని చేయండి. దూరం నుంచి చేస్తూ క్రమం తప్పితే మీ దారిని మీరే మూసుకుంటారు. మీ ల్యాప్‌టాప్ సొంతదే అయినా ఆఫీసు నెట్‌వర్క్ మీది కాదు, పైగా అది ఇతరుల లెక్కలు ఉండే చోటు కనుక ఆడిటర్ గారికి చెప్పి అనుమతి తీసుకోవడం మర్యాద, అవసరం కూడా.

ప్రశ్న: నేను తెలుగు పాఠాలు సిద్ధం చేస్తుంటాను. విండోస్ నుంచి ఇంట్లోని ఉబుంటును తెరవగలుగుతున్నాను కాని, అందులో తెలుగు టైపు చేయబోతే ఒకసారి ఇంగ్లీషు, ఒకసారి అర్థంలేని గుర్తులు వస్తున్నాయి. కొన్ని పాత ఫైళ్లు పూర్తిగా గజిబిజిగా కనిపిస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మీరు విండోస్‌లోని తెలుగు కీబోర్డును ఆన్ చేసి టైపు చేస్తున్నట్లు తోస్తోంది. ఆర్‌డీపీ సాధారణంగా మీరు ఏ మీట నొక్కారో ఆ సంగతిని మాత్రమే అవతలికి పంపుతుంది. ఆ మీటకు ఏ అక్షరం రావాలో తేల్చేది ఇంట్లోని ఉబుంటు. విండోస్ ఒక తెలుగు అమరికను, ఉబుంటు మరొకదానిని వాడుతూ ఉంటే మీరు చెప్పిన గందరగోళమే వస్తుంది. కనుక విండోస్ వైపు ఎప్పుడూ ఇంగ్లీషు కీబోర్డునే ఉంచి, తెలుగును ఉబుంటులో మాత్రమే పెట్టుకోండి. సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగంలో ఇన్‌పుట్ సోర్స్‌లకు తెలుగును చేర్చవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డు అమరికకు అలవాటు లేక, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులు కావాలంటే ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, లాగ్ అవుట్ అయి మళ్లీ రండి.

భాష మార్చడానికి ఉబుంటులో విండోస్ గుర్తున్న మీటనూ స్పేస్‌నూ కలిపి నొక్కుతాం. ఇక్కడ ఒక చిక్కు ఉంది: ఆ జంటను మీ ల్యాప్‌టాప్‌లోని విండోస్ తనకోసమే తీసుకుని, అవతలికి పంపకపోవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌లో షో ఆప్షన్స్ నొక్కి, లోకల్ రిసోర్సెస్ అనే పుటలో కీబోర్డుకు సంబంధించిన చోట ఈ మీటల జంటలు దూరపు కంప్యూటరుకు వెళ్లాలని ఎంచుకోండి. తెర మొత్తం నింపి వాడుతున్నప్పుడు మాత్రమే వెళ్లాలన్న అమరిక కూడా అక్కడ ఉంటుంది, రోజూ వాడకానికి అదే హాయిగా ఉంటుంది.

అక్షరాలు పెట్టెలుగా కనిపిస్తే ఫాంట్లు లేవని అర్థం. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు అనే ఆజ్ఞతో ఉచిత తెలుగు ఫాంట్లు చాలా వస్తాయి. వాటిని ఇంట్లోని ఉబుంటులో పెట్టాలి, ల్యాప్‌టాప్‌లో కాదు, ఎందుకంటే అక్షరాలను గీసేది ఉబుంటే. మీకు అందేది గీసిన బొమ్మ మాత్రమే.

మీ పాత ఫైళ్లు బహుశా అను ఫాంట్లతో తయారైనవి. తెలుగు అచ్చు పనిలో ఏళ్ల తరబడి వాటినే వాడారు, ఇప్పటికీ ఎన్నో ప్రెస్సుల్లో ఉన్నాయి. అవి ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి గజిబిజిగానే కనిపిస్తాయి, రిమోట్ డెస్క్‌టాప్‌లో తప్పేమీ లేదు. పాఠాలు పదికాలాలు నిలవాలంటే వీలున్నప్పుడల్లా యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చిన తరువాత అక్షరం అక్షరం సరిచూడవలసి వస్తుంది, ముఖ్యంగా ఒత్తుల దగ్గర. ఆ శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. యూనికోడ్ తెలుగును రెండు కంప్యూటర్ల మధ్య కాపీ చేసి పేస్ట్ చేసినా చెడకుండా వస్తుంది.

ప్రశ్న: నేనూ మా ఆవిడా పెద్దవాళ్లం. మా కంప్యూటరులో ఉబుంటు ఉంది. ఏదైనా తేడా వస్తే హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి అక్కడి నుంచే తెరిచి సరిచేస్తానంటున్నాడు. బ్యాంకు పనులు కూడా ఇందులోనే చేస్తాం. ప్రమాదం లేదా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మీ అబ్బాయికి ఇవ్వడంలో ప్రమాదం లేదండీ. ప్రమాదమంతా తాము బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, కనెక్షన్ బాగుచేస్తామని ఫోను చేసి, ఎనీడెస్క్ వంటి ప్రోగ్రాము పెట్టుకుని తెర మీద వచ్చిన అంకెలు చెప్పమనే వారితో ఉంది. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. ఆ ప్రోగ్రాములు చెడ్డవి కావు, అడిగినవారెవరన్నదే ముఖ్యం. ఫోను ద్వారా ఎవరు అడిగినా అంకెలు చెప్పకండి. మీ అబ్బాయి పేరు చెప్పినా ఫోను పెట్టేసి, మీరే అతని నంబరుకు తిరిగి చేసి మాట్లాడండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మీకు తగినది పై జవాబులో చెప్పిన డెస్క్‌టాప్ షేరింగ్. మీరు ఎదురుగా కూర్చుని ఉండగా మీ తెరనే అతను చూస్తాడు, అతను ఏం చేస్తున్నాడో మీకు కనిపిస్తుంది. అందులో రిమోట్ కంట్రోల్ అనే మీట ఆఫ్‌లో ఉంటే అతను చూడగలడే గాని ఏమీ నొక్కలేడు. చాలాసార్లు ఫోనులో చెబుతూ మీ చేత చేయిస్తే సరిపోతుంది. తెర లాక్ అయితే కనెక్షన్ తెగిపోతుంది, కనుక పని జరుగుతున్నంతసేపు కదిలిస్తూ ఉండండి. ఉబుంటు పాస్‌వర్డు అడగకుండా దానంతట అదే లాగిన్ అయ్యేలా పెట్టుకుని ఉంటే షేరింగ్ పాస్‌వర్డు దాచిన చోటు తెరుచుకోదు, అందువల్ల అతనికి కలవకపోవచ్చు. ఆ అమరికను తీసివేయండి. పని అయిపోగానే షేరింగ్‌ను ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. దారి కోసం టెయిల్‌స్కేల్‌ను అతనే ఒకసారి మీ ఇంటికి వచ్చినప్పుడు పెట్టి వెళ్లవచ్చు.

ప్రశ్న: మా జిరాక్స్ దుకాణంలో 4 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటరు ఉంది, అందులో ఎక్స్ఎఫ్‌సీఈతో లైనక్స్ మింట్ నడుస్తోంది. ఇంటి నుంచి తెరవడానికి వీఎన్‌సీ మంచిదా, ఆర్‌డీపీ మంచిదా? నాకు ఎక్కువగా కావలసింది ప్రింటుకు వచ్చిన ఫైళ్లను చూసుకోవడమే.
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: ఫైళ్లు మాత్రమే కావాలంటే రెండూ అక్కరలేదు. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీని దుకాణంలోని కంప్యూటరులో పెట్టుకుని, ఇంట్లోని కంప్యూటరు నుంచి ఎస్ఎఫ్‌టీపీ పద్ధతిలో (ఎస్ఎస్‌హెచ్ అనే గుప్త కనెక్షన్ మీదుగా ఫైళ్లను అందించే పద్ధతి) ఆ ఫోల్డరును తెరవండి. నెమ్మది కనెక్షన్ మీద కూడా హాయిగా పని చేస్తుంది, పాత యంత్రం మీద భారం ఉండదు. పాస్‌వర్డుకు బదులు ఎస్ఎస్‌హెచ్ కీ జంటను (తాళంచెవిలా పని చేసే రెండు ఫైళ్లను) వాడితే ఇంకా భద్రం.

తెర కూడా కావాలనుకుంటే మీ యంత్రానికి ఎక్స్‌ఆర్‌డీపీ చక్కగా సరిపోతుంది. మింట్ ఇంకా తెరను గీసే ఎక్స్11 అనే పాత పద్ధతినే ప్రధానంగా వాడుతోంది, ఎక్స్ఎఫ్‌సీఈ తేలికైన డెస్క్‌టాప్. మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్ అనే ఫైలు చేసి, అందులో ఎక్స్ఎఫ్‌సీఈ4-సెషన్ అని ఒక వరుస రాస్తే సరైన డెస్క్‌టాప్ వస్తుంది. దుకాణంలో లాగ్ అవుట్ చేయాలన్న నియమం మీకూ వర్తిస్తుంది. వీఎన్‌సీ 1990లలో కేంబ్రిడ్జిలోని ఒక పరిశోధనశాలలో పుట్టిన, దూరపు తెరను చూపించే పాత, నమ్మకమైన పద్ధతి, కాని దాని మామూలు పాస్‌వర్డులో మొదటి 8 అక్షరాలకే విలువ, తెర సమాచారం గుప్తంగా వెళ్లదు. వాడక తప్పకపోతే ఎస్ఎస్‌హెచ్ సొరంగం (ఎస్ఎస్‌హెచ్ గుప్త కనెక్షన్) లోపల నుంచి మాత్రమే వాడండి.

ప్రశ్న: అంతా సరిగా ఉన్నా, కొన్ని గంటలకు ఇంటి కంప్యూటరు దొరకడం లేదు. కరెంటు పోయి వచ్చిన రోజైతే సాయంత్రం వరకు అంతే.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మొదటిది నిద్ర, రెండవది కరెంటు. సెట్టింగ్స్‌లోని పవర్ విభాగంలో ఆటోమేటిక్ సస్పెండ్‌ను ఆపండి. అది మీరు లాగిన్ అయి ఉన్నప్పటికి మాత్రమే వర్తిస్తుంది. ఎవరూ లాగిన్ కాని తెరకు వేరే అమరిక ఉండడం వల్ల కంప్యూటరు మళ్లీ నిద్రపోవచ్చు. సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ స్లీప్.టార్గెట్ సస్పెండ్.టార్గెట్ అని ఇస్తే రెండు చోట్లా నిద్ర ఆగుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఈ ఆజ్ఞ ఇవ్వకండి, సంచిలో పెట్టినా నడుస్తూ వేడెక్కుతుంది.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు దానంతట అదే ఆన్ కావాలంటే బయోస్‌లో (కంప్యూటరు ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము అమరికల్లో) రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనే అమరికను పవర్ ఆన్‌కు మార్చాలి. మదర్‌బోర్డును బట్టి ఆ పేరు కొద్దిగా మారుతుంది. డిస్కును గుప్తీకరించి ఉంటే మాత్రం కంప్యూటరు ఆన్ అయినా పాస్‌వర్డు కోసం అక్కడే ఆగి ఉంటుంది, ఎవరో ఒకరు ఇంట్లో టైపు చేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తరువాత విశాఖలో కరెంటు లేకుండా గడిపిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అంతటి విపత్తుకు ఇంటి యూపీఎస్ చాలదు, కాని మామూలు కోతలకు చిన్నది చాలు. దానికి కంప్యూటరు ఒక్కటే తగిలించి ఊరుకోకండి. రౌటరుకూ, ఫైబరు తీగ వచ్చి చేరే చిన్న పెట్టెకూ కరెంటు లేకపోతే కంప్యూటరు నడుస్తున్నా మీకు అందదు. ఆ రెండూ వాడే కరెంటు చాలా తక్కువ కనుక అదే యూపీఎస్‌కు తగిలించవచ్చు.